శుక్రవారం నాడు నాగార్జునకొండ

“నేను చేసిన విహారయాత్ర” అనే వ్యాసం రాయకుండా తెలుగు దేశంలో ఎవరూ పదో తరగతి గట్టెక్కి ఉండరు. అది ఎట్లా మొదలవుతుందో నేను చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవటం, కాలకృత్యాలు తీర్చుకోవటం, బడి దగ్గర బస్సుకు కొబ్బరికాయ కొట్టటం, దారి పొడుగునా పాటలు. తరవాత చూసిన ప్రదేశం గురించి రెండు వాక్యాలు. ఆ పైన భోజనాలు. చివరికి “ఈ యాత్ర నా జీవితంలో మరపురానిది.” ఊరి పేరు ఒక్కటి మారిస్తే చాలు, ఇదే వ్యాసం హంపీకీ గోలకొండకూ లేపాక్షికీ కూడా చక్కగా సరిపోతుంది. ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నదాన్ని గనక, ఈ వ్యాసం నేను కొన్ని వందలసార్లు దిద్ది ఉంటాను. మార్కులు కూడా ధారాళంగానే వేశాను, ఎందుకంటే అక్షరదోషాలు తప్ప అందులో తప్పు పట్టటానికేమీ ఉండదు.

పిల్లల్ని అని లాభం లేదు. తొమ్మిదో తరగతిలో నన్నూ నాగార్జునకొండకు తీసుకువెళ్ళారు. ఏం చూశావని ఇప్పుడెవరైనా అడిగితే నాకు జ్ఞాపకం ఉన్నవి మూడే: లాంచి మోత, అరిటాకు పొట్లంలో పులిహోర, లాంచి దిగేటప్పుడు నీళ్ళలో పడిపోయిన నా ఎడమకాలి చెప్పు. ఒంటి చెప్పుతో ఆ కొండంతా తిరిగాను కాబోలు, బుద్ధుడు మాత్రం బొత్తిగా జ్ఞాపకం లేడు.

అందుచేత 2024 నవంబరులో మా అక్కయ్య ఫోను చేసి, “మా పిల్లల్ని నాగార్జునకొండ తీసుకువెడుతున్నాం, నువ్వూ రావే, నాలుగు ముక్కలు చెబుదువుగాని” అన్నప్పుడు నాకు ఎక్కడలేని ఉత్సాహం పుట్టుకొచ్చింది. అక్కయ్య పల్నాటిలో ఒక బాలికల ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని. ఆమెకు లెక్కలు, నాకు తెలుగు. చిన్నప్పటినుంచీ ఆవిడ సుతరామూ మరిచిపోని మనిషి, నేను మరిచిపోయే మనిషిని. అయినా సరే, ఏర్పాట్లన్నీ నేను చూస్తానని మాట ఇచ్చాను.

బస్సుకు తలకు మూడువందల యాభై పడుతుందన్నారు. నలభై ఆరుగురు పేర్లిచ్చారు. అందులో ఎనిమిది మంది పేర్లు రెండోరోజుకు వెనక్కు వచ్చాయి. కొందరికి డబ్బు ఇబ్బంది, దానికి టీచర్లు తలా కాస్తా వేసుకున్నారు. తక్కినవాళ్ళకు భయం. ఈ భయాన్ని నవ్వి తీసివేయటానికి లేదు సుమండీ. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున నిలుచున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు ఇరవై నలుగురు, ఎగువ ఆనకట్టనుంచి ఒక్కసారి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది. ఈ రెండూ ఊరూరా టీవీలో చూసినవే. “లాంచి అంటే మాత్రం పంపను” అన్న తల్లిదండ్రులకు నచ్చచెప్పే హక్కు మాకుంది గాని, వాళ్ళను మూర్ఖులనే హక్కు లేదని అక్కయ్య అంది. ఎనిమిది ఇళ్ళకూ తానే స్వయంగా వెళ్ళింది. లైఫు జాకెట్టు వేసుకోనిదే ఏ పిల్లా లాంచి ఎక్కదు, లెక్కకు మించి ఒక్కరు ఎక్కినా మేమందరం దిగిపోతాం అని మాట ఇచ్చింది. ఏడుగురు ఒప్పుకున్నారు.

ఎనిమిదో ఆయన తాపీమేస్త్రి. అక్కయ్యను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, “ఆ రాళ్ళూ ఇటుకలూ చూడటానికి అంత దూరం ఎందుకండీ, మా ఇంటి చుట్టూ ఉన్నవి అవేగా” అన్నాడట. ఆ మాటకు అక్కయ్య దగ్గర జవాబు లేకపోయింది. ఆఖరికి పిల్ల ముఖం చూసి, “సరే, తీసుకుపొండి” అన్నాడు.

ఇక నా ఏర్పాట్ల సంగతి. రెండో శనివారం పిల్లలు రారు. ఆదివారం జనం ఎక్కువ. మ్యూజియములకు సోమవారం సెలవని ఎప్పుడో ఢిల్లీలో జాతీయ మ్యూజియం గుమ్మం దగ్గరనుంచి వెనక్కు తిరిగివచ్చిన అనుభవం నాకు గట్టిగా జ్ఞాపకం ఉంది. మా అమ్మ శుక్రవారం మంచిదన్నది. శుక్రవారం ఖాయం చేశాను.

విజయపురి సౌత్ చేరి రేవు దగ్గర బస్సు దిగాం. అక్కడున్న మనిషి మా నలభై ఆరుగురినీ, నా చేతిలోని కాగితాల కట్టనూ చూసి, జాలిగా, “ఈవేళ శుక్రవారం కదమ్మా, కొండమీద మ్యూజియానికి సెలవు” అన్నాడు.

అక్కయ్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవటం ఎంత కష్టమో నాకు మాత్రమే తెలుసు. పిల్లల ముఖాలు వాడిపోయాయి. నాకైతే కృష్ణలోకి దిగిపోవాలనిపించింది. తాపీమేస్త్రి మాటే చెవిలో గింగురుమన్నది.

మా బస్సు డ్రైవరు మాచర్ల ప్రాంతంవాడు, యాభై ఏళ్ళుంటాయి. “అనుపుకు పోదాం పదండి మేడంగారూ. అది గట్టుమీదే ఉంది. లాంచి అక్కరలేదు, తాళమూ లేదు” అన్నాడు. ఆ విధంగా, నేను పటంలో కూడా గుర్తు పెట్టుకోని చోటికి మా విజ్ఞానయాత్ర సాగింది.

నాగార్జునసాగరం కింద ఒక లోయ ఉంది. మూడో శతాబ్దంలోనూ నాలుగో శతాబ్దపు మొదట్లోనూ ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకులకు అక్కడే రాజధాని, పేరు విజయపురి. సాగరం నిండకముందు ఆ లోయలోని కట్టడాలలో ముఖ్యమైనవి కొన్ని విప్పి తెచ్చి ఎత్తైన చోట మళ్ళీ కట్టారు, మరికొన్నిటికి నమూనాలు చేశారు. కొండమీద, అంటే ఇప్పటి దీవిమీద, కొన్ని ఉన్నాయి. తీరాన అనుపు దగ్గర కొన్ని ఉన్నాయి: ఒక విహారం, హారీతి ఆలయం, వీటన్నిటినీ మించి నాలుగు వైపులా మెట్లు దిగుతూ మధ్యన చతురస్రంగా నేల ఉన్న రంగస్థలం. మల్లయుద్ధాలు జరిగేవో, నాట్యమే ఆడేవారో, పండితులు వాదించుకొనేవారో, మెట్లమీద కూర్చుని ఎవరికి తోచింది వారు ఊహించుకోవచ్చు.

నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. కాలేజీ అలవాటు. పిల్లలు నోటుబుక్కులు తెరిచి గబగబా రాసుకోసాగారు. పది నిమిషాలు గడిచాయి. వాళ్ళలో ఒక్కరూ తల ఎత్తి ఆ మెట్లను చూడటం లేదు! ఇంటిదగ్గర కూర్చుని రాసుకోవలసినది ఇక్కడికి వచ్చి రాసుకుంటున్నారు. ఇదిగో, మన విహారయాత్రా వ్యాసం పుట్టేది ఇక్కడే అని నాకు అప్పుడు తట్టింది. పుస్తకాలన్నీ మూయించి సంచుల్లో పెట్టించాను. “అరగంట ఊరికే తిరగండి. ఒక్కొక్కరూ నాకు తెలియని సంగతి ఒకటి చూసి వచ్చి చెప్పండి” అన్నాను. అక్కయ్య మాత్రం తలకాయలు లెక్కపెట్టుకొని, నీటివైపు ఒక టీచరును కాపలా నిలబెట్టిన తరవాతే వదిలింది.

అరగంటలో ఎన్ని సంగతులు వచ్చాయనుకున్నారు! కింద నిలుచుని ఒకమ్మాయి మామూలు గొంతుతో ఎక్కం చదివింది, పైమెట్టుమీద కూర్చున్న నలుగురూ విని తప్పు పట్టుకున్నారు. ఒకతె ఇటుకను కొలవబోతే జామెట్రీ పెట్టెలోని స్కేలు చాలలేదు. మరొకతె రాతిమీద ఎవరో చెక్కుకున్న రెండు పేర్లూ మధ్యన బాణం గుచ్చిన గుండెకాయా చూపించి, “ఇది కూడా శాసనమేనా మేడం?” అన్నది. ఎవరికీ నవ్వు ఆగలేదు. నవ్వులు సద్దుమణిగాక అక్కయ్య, 2010లో సవరించిన చట్టం ప్రకారం ఇట్లాంటి పనికి రెండేళ్ళ జైలూ లక్ష రూపాయల జుర్మానాదాకా పడవచ్చునని చెప్పింది. ఆ ప్రేమికులకు ఈ సంగతి తెలిసి ఉండదు.

తాపీమేస్త్రిగారి అమ్మాయి అందరికన్నా ఆఖరున వచ్చింది. గోడ దగ్గరనుంచి కదలనే లేదట. నా చెవి దగ్గర, రహస్యం చెబుతున్నట్టు, “మేడం, ఇది అంత పాత పని కాదు. అతుకు కొత్తది. మా నాన్న గోడ కట్టినప్పుడు చూస్తాగా” అన్నది.

చుట్టూ ఉన్న పిల్లలు విన్నారు. “అయితే ఇది నిజమైంది కాదా?” అన్నది ఇంకొకతె. ఆ గొంతులో పొద్దుటి శుక్రవారం దెబ్బకన్నా ఎక్కువ నిరాశ ఉంది.

కట్టడాలు తెచ్చి మళ్ళీ కట్టారని నా ఉపన్యాసంలో చెప్పాను. రాసుకున్నారు కూడా. రాసుకున్న మాట ఎవరి మనసుకూ ఎక్కలేదు. ఆ పిల్ల కంటితో చూసింది గనక ఎక్కింది. ఇక నేను మొదటినుంచీ చెప్పుకురావలసి వచ్చింది. ఈసారి కథగా చెప్పాను.

ఈ లోయ సంగతి లోకానికి తెలియటానికి మొదటి కారకుడు ఒక బడిపంతులు. సూరపరాజు వెంకటరామయ్యగారు 1926లో ఇక్కడొక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. మద్రాసు శాసనపరిశోధన శాఖలో తెలుగు సహాయకులైన సరస్వతిగారు వచ్చి చూసి దీని విలువ గుర్తించారు. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అనే దొర తవ్వించాడు. చక్రంలో ఆకుల్లాగా లోపల గోడలు పెట్టి కట్టిన మహాచైత్యం, అందులో చిన్న బంగారు భరిణెలో అస్థిధాతువు బయటపడ్డాయి. ఆ ధాతువు తరవాత సారనాథ్ వెళ్ళింది. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వారు. ఆ పైన 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరానికి శంకుస్థాపన చేశారు. లోయ అంతా మునుగుతుందని అప్పటికే తెలుసు. మునిగేలోగా వీలైనంత తవ్వి చూడాలని ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన 1954 నుంచి 1960 దాకా ఎండనక వాననక పని జరిగింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు.

“ముంచకుండా ఉండవలసింది మేడం” అన్నదొక చిన్నది.

“నీ గిన్నెలో పులిహోర ఏ నీళ్ళతో పండిందనుకున్నావు?” అన్నది అక్కయ్య. ఆ పిల్ల గిన్నెలోకి చూసుకుంది. మిగిలినవాళ్ళూ చూసుకున్నారు. వాళ్ళలో సగం మందివి కుడి కాలువ కింద ఊళ్ళే.

అయినా, నిజమైనదా కాదా అన్న ప్రశ్న అట్లాగే నిలిచిపోయింది. నేను ఏదో సర్దిచెప్పబోయాను. అప్పటిదాకా చెట్టు కింద బీడీ ఆర్పి కూర్చుని వింటున్న డ్రైవరు అందుకున్నాడు. “మా తాతగారిది ఆ నీళ్ళ కింద ఊరే అమ్మా” అన్నాడు. నాకూ ఆ సంగతి తెలియదు. ఊరు ఖాళీ చేసినప్పుడు వాళ్ళ తాత మిద్దె విప్పి, దూలాలు రెండు, వీధిగుమ్మం ఒకటి బండిమీద వేసుకుని వచ్చాడట. కొత్త ఊళ్ళో గోడలు కొత్తవి, కప్పు కొత్తది. గుమ్మం మాత్రం ఆ గుమ్మమే.

“మరి అది నిజమైన గుమ్మమేనా?” అన్నది తాపీమేస్త్రిగారి అమ్మాయి.

ఆయన ఆ పిల్లవంక వింతగా చూశాడు. “కాకపోతే ఎవరిదమ్మా? మా నాయనమ్మ కాపురానికి వచ్చి కుడికాలు పెట్టింది దానిమీదే. మొన్న మా కోడలు పెట్టిందీ దానిమీదే. పండగొస్తే పసుపు రాస్తాం” అన్నాడు.

ఇంతకుమించి ఆ పిల్ల ఏమీ అడగలేదు. వెళ్ళి మళ్ళీ గోడ దగ్గర నిలుచుంది.

భోజనాలయ్యాక నా కాగితాల కట్ట విప్పాను. మ్యూజియంలో శాసనాల ముందు పంచుదామని బ్రాహ్మీ అక్షరాలు అచ్చు తీయించుకు వచ్చాను. శాసనాలు లేకపోయినా చెట్టు నీడ ఉంది గదా. అశోకుడి నాటి బ్రాహ్మిలో ‘క’ అంటే కూడిక గుర్తు, ‘గ’ అంటే రెండు గీతల కొండ, ‘థ’ అంటే చుక్క పెట్టిన సున్న. ఇక్ష్వాకుల నాటికి ఆ గీతలు పొడుగై, కొసలు ఒయ్యారంగా వంపు తిరిగాయి. పిల్లలకు ఇది ఆట అయిపోయింది. తమ పేర్లు రాసుకున్నారు, పక్కవాళ్ళ పేర్లు రాసి ఏడిపించుకున్నారు. రాతిమీద చెక్కినవాళ్ళకు కాగితమూ ఈ అక్షరాలూ దొరికి ఉంటే ఎంత బాగుండేదో.

అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళ సంగతి చెప్పాను. ఇక్ష్వాకు రాజులు యజ్ఞాలు చేసినవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలోని స్త్రీలు మాత్రం బౌద్ధానికి దానాలు చేశారు. మహాచైత్యం నిర్మాణం వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో, అతని మేనత్త చాంతిసిరి చేయించింది. ఆ మేనత్తే అతనికి అత్తగారు కూడా. (“మా ఇంట్లోనూ అంతే మేడం” అని ముగ్గురు చేతులెత్తారు.) రెండో ఆమె బోధిసిరి, రాజకుటుంబీకురాలు కాదు, ఒక ఉపాసిక. సింహళంనుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి ప్రాకృతంలో శాసనం వేయించింది. ఆ ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల పేర్లన్నీ అందులో వరసగా ఉన్నాయి: కాశ్మీరం, గాంధారం, చీనం, తోసలి, వంగం, వనవాసి, యవనం, దమిళం, తామ్రపర్ణి... పిల్లలు నేలమీద పుల్లతో దేశపటం గీసి ఒక్కొక్క పేరు దగ్గర ఒక్కొక్క గులకరాయి పెట్టారు. మాచర్ల దాటి ఎరగని పిల్లలు కొందరు, చీనాకు రాయి ఎక్కడ పెట్టాలా అని దెబ్బలాడుకున్నారు. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఈ లోయలో ఉన్న ఒక గృహిణికి ఇన్ని దేశాల పేర్లు తెలుసునంటే వాళ్ళకు చాలా ఆశ్చర్యం కలిగింది. నాకూ ఇప్పటికీ ఆశ్చర్యమే.

తిరుగుదారిలో ఎత్తిపోతల దగ్గర ఆగాం. చంద్రవంక డెబ్బై అడుగులు దూకే చోటు, దాన్ని గురించి ఉపన్యాసం అక్కరలేదు.

మీ పిల్లల బడివాళ్ళు ఇట్లాంటి యాత్ర తలపెడితే, రెండు మూడు సంగతులు అడగండి. చూడబోయేది ఎన్ని చోట్లు? ఒక రోజులో అయిదారు అని చెబితే, ఏదీ చూడరన్న మాట. ఆడపిల్లలకు దారిలో మరుగు ఎక్కడ? ఈ ప్రశ్న మగ ఉపాధ్యాయులకు తట్టదు, తట్టినా అడగరు. అక్కయ్య ముందురోజే ఫోన్లు చేసి ఒక పెట్రోలు బంకువారితో మాట్లాడి ఉంచింది. పురావస్తుశాఖవారి కట్టడాలకు పదిహేనేళ్ళలోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు, ఆ పేరుమీద ఎవరైనా డబ్బు వసూలు చేస్తే ఎందుకని అడగవచ్చు. ఏటా నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవం. పిల్లలతో వెళ్ళటానికి అది మంచి సమయం, ఎండ కూడా తగ్గి ఉంటుంది. సెలవు రోజు ఏదో కనుక్కోమని నేను వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

సోమవారంనాడు పిల్లల వ్యాసాలు నాకు పంపించమని అక్కయ్యను అడిగాను. పంపింది. నలభై ఆరింటిలో పందొమ్మిది తెల్లవారుజామున నాలుగింటికే లేచాయి. ఇరవైదాకా అనుపులో మొదలయ్యాయి. ఒకటి మాత్రం, “మా నాన్న కట్టిన గోడ ఎవరైనా విప్పి ఇంకో చోట కడితే అది మా నాన్న కట్టిందే అవుతుందా?” అని మొదలయ్యింది. ముప్పాతిక పేజీ రాసి, అడ్డంగా ఒక ఇటుకా నిలువుగా ఒక ఇటుకా పెట్టే వరస బొమ్మ గీసి, జవాబు రాయకుండానే ఆపేసింది. ఒత్తులు నాలుగు తప్పాయి. మార్కులు ఎన్ని వేయాలో తోచక, ఎర్రసిరా ముట్టించకుండా తిప్పి పంపాను.

పది రోజుల తరవాత తాపీమేస్త్రి బడికి వచ్చాడట. కూతురు ఇంట్లో మూడు రోజులు ఆ గోడ సంగతే మాట్లాడుతోందని, ఆ కాలంలో ఇటుక ఎంత పొడుగుండేదని తనను అడిగితే చెప్పలేకపోయానని అన్నాడట. ఈసారి కొండమీదికి వెళ్ళేటప్పుడు తననూ తీసుకువెళ్ళమన్నాడు. తన ఛార్జీ తానే పెట్టుకుంటాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, “రోజు మాత్రం మీ చెల్లెలుగారిని పెట్టనివ్వకండి” అన్నాడట.